పేటంతా ఒకే గడప

పలు మతాలవారు, ఏ మతాన్నీ పాటించనివారు కలిసి బతికే పేటలో ఒక మతం ఆ ఉమ్మడి నేల నుంచి ఏమి కోరవచ్చు, ఎంతవరకు కోరవచ్చు అన్న ప్రశ్న సాధారణంగా ఊరేగింపుల దగ్గరో, మైకుల దగ్గరో, కొత్త ప్రార్థనా మందిరానికి అనుమతి అడిగినప్పుడో తలెత్తుతుంది. అప్పటికే ఇరుపక్షాలూ కోపంలో ఉంటాయి కాబట్టి, ప్రశ్నలోని తాత్త్విక భాగం మరుగున పడి బలాబలాల లెక్క ఒక్కటే మిగులుతుంది. అదే ప్రశ్న సరిగా కంటికి ఆనని ఒక సన్నటి తీగ విషయమై పదేళ్ళకు పైగా చర్చకు వచ్చిన చోటు లండన్ నగరపు వాయవ్య భాగంలోని హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్. నగరంలో భాగంగా ఉంటూనే పల్లె పోలిక పోకుండా, తోటలతో, చెట్ల వరుసలతో, పలచగా కట్టిన ఇళ్ళతో రూపొందిన ఆ పేట పుట్టుకలోనే ఒక ధార్మిక సంకల్పం ఉంది; అందువల్ల అక్కడ నడిచిన వాదాన్ని పేట చరిత్ర నుంచి విడదీసి చూడడం కుదరదు.

ఆ సంకల్పం హెన్రియెటా బార్నెట్‌ది. ఆమె భర్త శామ్యూల్ బార్నెట్ ఆంగ్లికన్ చర్చి మతాచార్యుడు. పెళ్ళయిన 1873లోనే ఆ దంపతులు తూర్పు లండన్‌లో అత్యంత పేద వాడ అయిన వైట్‌చాపెల్‌కు, సెయింట్ జూడ్స్ అనే చర్చి బాధ్యతల మీద వెళ్ళి, అక్కడే దశాబ్దాలు గడిపారు. విశ్వవిద్యాలయాల్లో చదివిన యువకులు పేదల వాడలోనే కాపురముండి వారితో కలిసి చదువు, కళ, చర్చ పంచుకోవాలన్న ఆలోచనతో 1884లో వారు స్థాపించిన టాయిన్‌బీ హాల్ తరువాతి కాలపు సంఘసేవా కేంద్రాలకు మాతృక అయింది. ధనికులు ఒక దిక్కున, పేదలు ఒక దిక్కున వేర్వేరు పేటలు కట్టుకోవడం వల్ల ఒకరి ముఖం ఒకరు చూడని స్థితి వస్తుందని, ఆ స్థితిలో పొరుగువారిని ప్రేమించమన్న క్రైస్తవ ఆజ్ఞ ఆచరణకు అందకుండా పోతుందని హెన్రియెటా గట్టిగా నమ్మింది. పొరుగున ఎవరూ లేనివారికి ఆ ఆజ్ఞ ఎంత చెప్పినా నిష్ఫలం. కాబట్టి ముందు పొరుగును కట్టాలి, అంటే ఇటుకతో, సున్నంతో, వీధులతో కట్టాలి.

అవకాశం భూగర్భ రైలు రూపంలో వచ్చింది. ఛార్లెస్ యెర్కెస్ అనే అమెరికన్ వ్యాపారి రైలు మార్గాన్ని అప్పటికి పొలాలుగా ఉన్న గోల్డర్స్ గ్రీన్ వరకు పొడిగించడానికి పూనుకున్నాడు. రైలు వస్తే దాని వెనుకే ఇరుకు ఇళ్ళ వరుసలు కూడా వచ్చి హాంప్‌స్టెడ్ హీత్ అనే విశాలమైన బయలును కమ్ముకుంటాయని గ్రహించిన హెన్రియెటా, ముందుగా 80 ఎకరాలను బయలుకు చేర్చి కాపాడడానికి, తరువాత దాని పక్కన ఈటన్ కళాశాలకు చెందిన 243 ఎకరాలు కొని పేట కట్టడానికి ఉద్యమించింది. 1906లో ట్రస్టు ఏర్పడింది. 1907 మే 2న తొలి గడ్డపార దిగింది. ఆ జూన్‌లోనే గోల్డర్స్ గ్రీన్ స్టేషన్ తెరుచుకుంది.

వాస్తుశిల్పి రేమండ్ అన్విన్ గీసిన నక్షాలో ప్రతి కొలత వెనుకా ఒక నీతి ఉంది. 1906లో పార్లమెంటు ఆ పేట కోసమే చేసిన చట్టం ప్రకారం సగటున ఎకరానికి 8 ఇళ్ళకు మించరాదు, వీధికి ఇటూ అటూ ఉన్న ఇళ్ళ మధ్య కనీసం 50 అడుగుల ఎడం ఉండాలి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ కట్టకూడదు, కంచెమొక్కలే హద్దుగా పెంచాలి. అడవులూ తోటలూ అన్ని తరగతులవారికీ తెరిచి ఉండాలి. కార్మికుడి ఇల్లూ పెద్ద ఉద్యోగి బంగళా నడిచి వెళ్ళే దూరంలో ఉండాలి. ఒంటరిగా బతికే ఉద్యోగినులకు వాటర్‌లో కోర్ట్ అనే నివాసం, వృద్ధులకు మరొక నివాసం కేటాయించారు. హద్దు ఉండాలి గాని అడ్డు ఉండకూడదన్నది ఈ నియమాలన్నింటిలోని ఉద్దేశం. అలాంటి పేటకు బయలు వైపు అంచున మాత్రం అన్విన్ మధ్యయుగపు జర్మన్ పట్టణాల తీరులో ఒక ఇటుక గోడ కట్టించాడు: ఒక సమాజం తన ఎల్లను తాను చూసుకోగలిగితేనే తానొక సమాజమని తెలుసుకుంటుందన్న తలంపు దానిలో ఉంది. లోపల గోడలు వద్దని, వెలుపల గోడ కావాలని కోరిన ఈ జంట కోరికే తరువాతి వాదానికంతా బీజం.

పేట నడిబొడ్డున, కొంచెం మెరక మీద, అంగళ్ళు లేని ఒక చతురస్రం ఉంది. దాన్ని రూపొందించినవాడు ఎడ్విన్ లుటియన్స్. కొద్ది ఏళ్ళకే న్యూఢిల్లీ నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించినవాడు కావడం వల్ల భారతీయ పాఠకులకు ఆ పేరు పరిచితమే. చతురస్రానికి ఒక పక్క ఆంగ్లికన్ల సెయింట్ జూడ్స్ చర్చి, ఎదుటి పక్క ఆంగ్లికన్ వ్యవస్థను అంగీకరించని బాప్టిస్టులు తదితరుల కోసం కట్టిన ఫ్రీ చర్చి, వాటికి దాపుగా విద్యాసంస్థ; దగ్గర్లోనే, వేదిక గాని, మతాచార్యుడు గాని లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకర్ల సమావేశ గృహం. రాజ్యమతానికి, దాన్ని ఒల్లనివారికి ఒకే శిల్పి చేత, ఒకే రకం ఇటుకతో, ఎదురెదురుగా మందిరాలు కట్టించడం ఆ కాలపు ఇంగ్లండ్‌లో ధైర్యంతో చేసిన పని అనే చెప్పాలి. అయినా మొదటిదాని శిఖరం బాణంలా పైకి లేస్తే, రెండవదాని గుమ్మటం పొట్టిగా ఒదిగి ఉంటుంది. సమానత్వం ప్రకటించిన చోట కూడా ఎత్తుల తేడా మిగిలిపోయింది. యూదులకు, ముస్లింలకు, హిందువులకు ఆ చతురస్రంలో చోటు దక్కలేదు.

రెండు నిషేధాలు మాత్రం ప్రత్యేకంగా పరిశీలించదగినవి. నిశ్శబ్దం చెడకూడదు కాబట్టి చర్చి గంటలు సైతం మోగరాదన్నది హెన్రియెటా పెట్టుకున్న మొదటి సూత్రాల్లో ఒకటి. భక్తుడైన క్రైస్తవుని భార్య, చర్చిని పేట నడుమ నిలబెట్టిన వ్యక్తి, ఆ చర్చి గొంతు పక్కవాడి చెవిన అతని ప్రమేయం లేకుండా పడకూడదని నిర్ణయించడంలో ఉమ్మడి నేల పట్ల గొప్ప మర్యాద ఉంది. రెండవది మద్యశాల. ఇంగ్లండ్‌లో వాడవాడనా కనిపించే పబ్బు ఆ పేటలో ఒక్కటీ లేదు. వైట్‌చాపెల్‌లో తాగుడు చేసిన చెరుపును కళ్ళారా చూసినవారి నిర్ణయంగా దాన్ని అర్థం చేసుకోవచ్చు; కాని అది తన నమ్మకాన్ని తాను పాటించడంతో ఆగకుండా, ఇతరుల నడవడిక మీద కూడా విధించడం. గంటల విషయంలో విశ్వాసం తనను తాను కట్టడి చేసుకుంది, పబ్బు విషయంలో పొరుగువాణ్ణి కట్టడి చేసింది.

అన్ని తరగతుల కలయిక అన్న ఆశయం నిలవలేదు. అందంగా, పలచగా, రైలుకు దగ్గరగా ఉన్న ఇళ్ళ ధర పెరగడం సహజం. కాలక్రమేణా ఆ పేట లండన్‌లో ఖరీదైన ప్రాంతాల్లో ఒకటిగా మారి, కార్మికుల కోసం కట్టిన ఇళ్ళే సంపన్నులు పోటీపడి కొనేవయ్యాయి. అయితే వైట్‌చాపెల్ మరొక దారిన ఆ ప్రాంతాన్ని చేరింది. 1880ల నుంచి రష్యా సామ్రాజ్యంలోని హింస నుంచి పారిపోయి తూర్పు లండన్‌లో దిగిన యూదు కుటుంబాల తరువాతి తరాలు కొంత స్థిరపడి, రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో అదే రైలు దారి వెంట గోల్డర్స్ గ్రీన్‌కు, దాని పరిసరాలకు తరలాయి. 1930లలో నాజీల బారి నుంచి తప్పించుకున్న జర్మన్ యూదులు వారికి తోడయ్యారు. ఆ దశకంలోనే సబర్బ్‌లో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, వెలిసింది.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా సాగే విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు నిష్ఠగల యూదులు 39 రకాల పనులు మానుతారు. వాటిలో ఒకటి, ఇంటి వంటి సొంత ఆవరణ నుంచి బహిరంగ స్థలానికి గాని, బహిరంగ స్థలంలో ఒక చోటి నుంచి మరొక చోటికి గాని వస్తువును మోసుకుపోవడం. చేతిలో తాళంచెవి, ప్రార్థనా గ్రంథం కూడా మోతే. పసిబిడ్డను బండిలో తోసుకుపోవడమూ మోతే. దానివల్ల చిన్నపిల్లల తల్లులు, చక్రాల కుర్చీ మీద ఆధారపడినవారు సబ్బాతు పొడుగునా ఇల్లు కదలలేకపోతారు. ఈ ఇబ్బందికి ప్రాచీన ధర్మశాస్త్రజ్ఞులు చూపిన పరిష్కారం ఏరువ్: పలు ఇళ్ళను, వీధులను ఒక ఎల్లలోకి తెచ్చి, ఆ మొత్తాన్నీ ఒకే ఇంటి ఆవరణగా పరిగణించే ఏర్పాటు. మిష్నా అనే ప్రాచీన ధర్మసంహితలో ఒక భాగమంతా దీనికే కేటాయించబడింది. ఎల్ల గోడ కావచ్చు, రైలు కట్ట కావచ్చు, ఇళ్ళ వరుస కావచ్చు. వీధి అడ్డంగా వచ్చి ఎల్ల తెగిన చోట రెండు స్తంభాలు నాటి, వాటి తలల మీదుగా సాగేటట్లు తీగ లాగుతారు. తీగను స్తంభం పక్కకు కడితే చెల్లదు, అది పైనే ఉండాలి. ఎందుకంటే స్తంభాలు ద్వారబంధపు నిలువు కమ్ములకు, తీగ వాటి మీది అడ్డకమ్మికి ప్రతీకలు. తలుపుల వరుస కూడా గోడే కాబట్టి, అలా ఎల్ల కట్టిన పేట చుట్టూ కనిపించని గోడ లేచి, అది అంతటా గుమ్మాలతో నిండి ఉంటుంది. తీగ ఎక్కడ తెగినా ఏరువ్ చెల్లదు కనుక ప్రతి వారం సబ్బాతుకు ముందు చుట్టూ తిరిగి సరిచూస్తారు.

తాత్త్వికంగా మరింత లోతైన భాగం తీగలో లేదు. ఎల్ల గీసినంత మాత్రాన పలు ఇళ్ళు ఒక ఇల్లు కావు. లోపల ఉన్న యూదులందరి పేరా కొంత రొట్టెను ఉమ్మడి ఆహారంగా ఒక చోట ఉంచాలి. పులియని రొట్టెల పెట్టెను సినగాగులో భద్రపరచడం సాధారణంగా కనిపించే పద్ధతి. ఒకే తిండిలో పాలున్నవారు ఒకే ఇంటివారన్నది దాని భావం. ఇక ఆ ధర్మాన్ని అంగీకరించని పొరుగువాడు ఉంటే, అతని రొట్టె తీసుకోవడం కుదరదు. అతనికి ఆ నేల మీద ఉన్న హక్కును, నామమాత్రపు సొమ్ముకైనా సరే, అతని దగ్గర అద్దెకు తీసుకోవాలి. నమ్మనివాణ్ణి లేనట్టు చూడటానికి శాస్త్రం ఒప్పుకోదు. అతని ఉనికి అడ్డంకే అని గుర్తించి, ఆ అడ్డంకి తొలగించే అధికారం కూడా అతని చేతిలోనే పెడుతుంది.

వాయవ్య లండన్‌లో సబర్బ్‌ను కలుపుకుని సుమారు 11 మైళ్ళ చుట్టుకొలతతో ఏరువ్ కట్టాలన్న ప్రతిపాదన 1990ల ఆరంభంలో బయటికి వచ్చింది. ఎల్లలో అత్యధిక భాగం అప్పటికే ఉన్న కట్టడాలే. కొత్తగా కావలసినవి కొన్ని పదుల స్తంభాలు, వాటి మధ్య తీగలు. అయినా వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. 1993లో బార్నెట్ అనే ఆ ప్రాంతపు స్థానిక మండలి అనుమతి నిరాకరించింది. బహిరంగ విచారణ తరువాత 1994లో కేంద్ర ప్రభుత్వ మంత్రి అనుమతి ఇచ్చాడు. ఆచరణలోకి వచ్చింది మాత్రం 2003లో. వ్యతిరేకుల్లో కొందరు పేట సౌందర్యం చెడుతుందన్నారు. మరికొందరు అందరి వీధిని ఒక మతం తన ఇంటిగా ప్రకటించుకోవడమే తప్పన్నారు. యూదుల్లోనే కొందరికి, ఐరోపాలో తమ పూర్వికులను గోడల వెనుక బంధించిన ఘెట్టోలు గుర్తుకు వచ్చాయి.

ఈ మూడింటిలో మొదటి వాదం త్వరగానే తేలిపోతుంది, ఎందుకంటే దీపస్తంభాలూ ఫోను తీగలూ ఉన్న నగరంలో మరికొన్ని సన్నని స్తంభాలు రూపాన్ని మార్చవు. రెండవది బరువైన వాదం. కాని ఏరువ్ తన లోపల ఉన్న పరమతస్థుణ్ణి ఏ పనీ చేయమనదు, ఏ పనీ మానమనదు. అతను అటూ ఇటూ యథేచ్ఛగా తిరుగుతాడు, తీగ ఉన్న సంగతి కూడా ఎరగకుండా జీవితం గడపగలడు. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి ప్రతిష్ఠ నాడు ఊరి పొలిమేర కట్టి, నమ్మినవాడైనా నమ్మనివాడైనా ఆ వేళ దాటరాదని కట్టడి చేయడం పరిపాటి. ఆ ఎల్ల అందరినీ బంధిస్తుంది, ఈ ఎల్ల నమ్మినవారి బంధాన్ని మాత్రమే సడలిస్తుంది. పొరుగువారి నడవడికను అదుపు చేసిన నియమమేదో చూడాలంటే అదే పేటలోని పబ్బు నిషేధాన్ని చూడాలి. దాన్ని దాదాపు శతాబ్దం పాటు పేట స్వభావంగా మన్నించినవారు తీగను మతపు చొరబాటు అనడంలో న్యాయం తక్కువ. మెజారిటీ మతం విధించినది అలవాటై ప్రకృతిలా కనిపిస్తుంది, మైనారిటీ మతం కోరినది కొత్తదై కంట్లో నలుసవుతుంది.

మూడవ వాదానికి అలాంటి జవాబు లేదు. భయం జ్ఞాపకం నుంచి పుట్టినప్పుడు, ఈ గోడ అంతా గుమ్మాలేనన్న శాస్త్రార్థం దాన్ని తీర్చలేదు. అన్విన్ ఇటుక గోడ ఎవరినీ భయపెట్టకుండా, కనిపించని గోడ కొందరిని భయపెట్టడానికి కారణం, ఎల్ల అర్థాన్ని దాన్ని గీసినవారితో పాటు లోపల పడినవారి చరిత్ర కూడా నిర్ణయించడమే. ఇక్కడే అద్దె నియమం ప్రాణం పోసుకుంటుంది. మహానగరంలో ప్రతి పొరుగువాణ్ణీ అడగడం అసాధ్యం కాబట్టి, అందరి పక్షాన పాలనాధికారి దగ్గర నామమాత్రపు సొమ్ముకు హక్కు పొందితే చాలునని తరువాతి ధర్మశాస్త్రజ్ఞులు సడలింపు ఇచ్చారు. శాస్త్రరీత్యా అది చెల్లుతుంది గాని, అడగడంలోని సారం దానిలో పలచబడుతుంది. పత్రికల్లో లేఖలు, సభల్లో వాగ్వాదాలు, విచారణాధికారి ముందు వాంగ్మూలాలుగా సాగిన ఆ పదేళ్ళ ఆలస్యాన్ని ఏరువ్ కోరినవారు అన్యాయంగా భావించారు, బిడ్డల బండ్లతో ఇళ్ళలోనే ఉండిపోయిన తల్లుల దృష్టిలో అది అన్యాయమే. అయినా, సంతకంతో ముగిసిపోయే అద్దె కాగితం చేయలేని పనిని, అంటే తీగ లోపల పడబోయే ప్రతి ఒక్కరూ కాదనే హక్కుతో మాట్లాడే అవకాశాన్ని, ఇచ్చింది ఆ విచారణే. హెన్రియెటా బార్నెట్ కంచెమొక్కలు నాటించినప్పుడు గాని, పబ్బు వద్దన్నప్పుడు గాని అక్కడ నివసించబోయేవారిని ఎవరూ అడగలేదు.