పరామర్శకు వచ్చినవారు

అతిథి అనే మాటకు పెద్దలు చెప్పే అర్థం మనందరికీ తెలిసిందే. తిథీ వారమూ చూసుకోకుండా వచ్చేవాడు అతిథి. రావటానికి లేనట్టే పోవటానికీ తిథి ఉండదన్న సంగతి మాత్రం వంటింట్లో ఉన్నవాళ్లకే బాగా తెలుసు. అయితే ఈ రోజుల్లో ఇంకో రకం అతిథులున్నారు. వాళ్లు వచ్చే తారీఖూ, వెళ్లే తారీఖూ రెండూ ముందే కాయితం మీద రాసి ఉంటాయి. వాళ్లని విజిటింగ్ ఫెలోలంటారు. ఒక విశ్వవిద్యాలయం వేరే ఊరి పండితుణ్ణో, పండితురాలినో పిలిచి, ఆర్నెల్లో ఏడాదో ఉండమని ఒక గదీ, లైబ్రరీ, ఖర్చులకు డబ్బూ ఇచ్చి, "మీ పరిశోధన మీరు చేసుకోండి" అంటుంది. చరిత్రకూ, రసాయన శాస్త్రానికీ ఇలాంటివి ఉన్నట్టే, శాంతికీ సంఘర్షణకీ కూడా ఉన్నాయి.

ఈ మాట చెబితే మా ఖానాపూర్‌లో పక్కింటావిడ బుగ్గన వేలు పెట్టుకుంది. "లొల్లి పెట్టుకునుడు సదువకుండనే వస్తది. లొల్లి సల్లార్చుటానికి సదువుంటదా అక్కా?" అంది. 

ఉంది మరి. నార్వేలో ఓస్లో నగరంలో 1959లోనే శాంతి పరిశోధనకు ఒక సంస్థ పెట్టారు. స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో 1971లో ఇందుకోసం ఒక శాఖే ఏర్పడింది. అమెరికాలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో 1986లో పుట్టిన శాంతి అధ్యయన సంస్థకు డబ్బిచ్చింది ఒక ఆడమనిషి. ఆవిడ పేరు జోన్ క్రాక్. మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను ఊరూరా వ్యాపింపజేసిన రే క్రాక్ గారి భార్య. ఆయన పోయాక, హోటళ్ల మీద వచ్చిన డబ్బులోంచి ఆవిడ శాంతి చదువుకు ఇచ్చింది. అక్కడికి ఏటేటా దేశదేశాల పండితులు అతిథులుగా వెళ్తుంటారు.

చదువు ఉందని ఒప్పుకుందాం. నన్ను వేధించే ప్రశ్న వేరే. ఒకరి ఇంటి దుఃఖం మీద ఇంకొకరు చదువుకోవచ్చునా? ఒక ఊళ్లో తుపాకులు పేలాయి, మనుషులు పోయారు. ఏడాది తరువాత ఒకాయన నోటు పుస్తకం పట్టుకుని వచ్చి, ఎలా జరిగిందో చెప్పమంటాడు. వాళ్లు చెబుతారు. అది పుస్తకమవుతుంది. ఆయనకు పేరొస్తుంది, పెద్ద ఉద్యోగమొస్తుంది. చెప్పినవాళ్లకు ఏమొచ్చింది?

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లటం మనకు అలవాటైన పనే. అలా వచ్చేవాళ్లలో రెండు రకాలుంటారు. ఒకరు చాప మీద కూర్చుని, "ఎట్లయింది? ఏ టైముకయింది? దవాఖానకు ఎప్పుడు తీస్కపోయిన్రు?" అని వరసగా అడుగుతారు. ఆ ఇల్లాలు మళ్లీ మొదట్నించీ చెప్పాలి, మళ్లీ ఏడవాలి. విన్నవాళ్లు కళ్లొత్తుకుని లేస్తారు. సాయంత్రానికి ఆ కథ నాలుగు వీధులు తిరిగొస్తుంది. ఇంకొకరు వస్తూ వస్తూ అన్నం గిన్నె తెస్తారు. పిల్లలకు పెడతారు. తోమని గిన్నెలుంటే తోమి బోర్లిస్తారు. ఆవిడ చెబితే వింటారు, చెప్పకపోతే ఊరుకుంటారు. బంధువులంతా వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన తరువాత మళ్లీ ఒకసారి తలుపు తడతారు.

శాంతి పండితుడు ఇందులో ఏ రకం? అడగటమే ఆయన వృత్తి కాబట్టి మొదటి రకమేనని తోసెయ్యబోయాను. కాని మా జిల్లాల్లోనే జరిగిన ఒక సంగతి అడ్డం వచ్చింది.

ఖానాపూర్ నుంచి ఉట్నూరు, అక్కణ్ణించి జైనూరు వైపు వెళ్తే మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. ఇప్పుడది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. ఆ అడవుల్లోనే 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం, ఆయనతో పాటు మరికొందరూ నేలకొరిగారు. సాగు చేసుకునే పోడు రిజర్వు అడవి అయిపోవటం, దున్నుకున్న భూమికి పట్టా ఇంకొకరి పేర పుట్టటం, అడవి జవాన్ల మామూళ్లు, షావుకార్ల అప్పులు - ఇవీ కారణాలు. ఇప్పుడు బడిపిల్లలు కూడా గడగడా చెబుతారు. అప్పుడు హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు మాత్రం తెలియలేదు. ఎందుకిలా జరిగిందో చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం ఒక పరాయి దేశస్థుణ్ణి పంపింది. ఆయనే హైమన్‌డార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టిన మానవ శాస్త్రవేత్త.

ఈయన కూడా మొదట ఫెలోషిప్ మనిషే. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్‌లో చదువుకుని, 1936లో నాగా కొండలకు వచ్చాడు. తరువాత మళ్లీ మన దేశానికి వచ్చినప్పుడు, 1939లో యుద్ధం మొదలైంది. అంతకుముందు ఏడే ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాడు కనుక, ఈయన ఇంగ్లీషువాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడైపోయాడు. నిజాం రాజ్యం ఎల్లలు దాటకుండా ఉండమన్నారు. చెంచుల దగ్గరా, కొండరెడ్ల దగ్గరా ఉండి, చివరకు గోండుల దగ్గరకు చేరాడు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి, దాచకూడదు. కాల్పులు జరిపించిన ప్రభుత్వమే ఆయనకు పని అప్పగించింది. పైగా ఆయన అన్నేళ్లు ఇక్కడ ఉండటంలో మనసెంత, గత్యంతరం లేకపోవటమెంత? యుద్ధం వదిలితే వెళ్లిపోయేవాడేమో! ఇలా అనుమానించటం న్యాయమే. కాని ఇంటికి వచ్చిన మనిషిని ఏ బండెక్కి వచ్చాడని చూస్తామా, వచ్చి ఏం చేశాడని చూస్తామా?

ఆయన, భార్య ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. వేల కుటుంబాలకు భూమి పట్టాలందాయి. 1945లో ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారయ్యాడు. అంటే, అడిగి రాసుకుని వెళ్లలేదు. గిన్నెలు కూడా తోమాడు.

ఎలిజబెత్ గారి గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తోచదు. ఆవిడ కూడా విదుషీమణే. దక్షిణాసియా మానవ శాస్త్రం మీద ఎవరెవరు ఏమేం రాశారో వెతికి, కూర్చి, పెద్ద పెద్ద పట్టికలుగా అచ్చు వేయించింది. అంటే, అందరి పుస్తకాలూ సర్దిపెట్టే పని! ఆడవాళ్ల చేతికి అలాంటి పనే ఎందుకొస్తుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆవిడ 1987లో హైదరాబాదులో పోయింది. కోరుకున్నట్టే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోతే, 2012లో అస్థికలు తెచ్చి ఆవిడ పక్కనే ఉంచారు. ఆ గూడెంవాళ్లు ఇప్పటికీ వాళ్లను తలుచుకుంటారు.

అయినా ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది సమాధులు కావు. లండన్‌లో ప్రొఫెసర్‌గిరీ ముగించుకున్నాక, 1970ల చివర ఆయన మళ్లీ మన అడవులకు వచ్చాడు. వచ్చి చూస్తే, తన చేతుల మీదుగా ఇప్పించిన భూములు చాలాచోట్ల గోండుల చేయి జారిపోయాయి. రోడ్లు పడ్డాయి, రోడ్ల వెంట కొత్తవాళ్లు వచ్చారు. 1959 నాటి భూబదలాయింపు చట్టమూ, దాని 1970 సవరణా కాయితం మీద ఉండగానే ఇది జరిగింది. తను చేసిన పని చాలావరకు చెదిరిపోయిందని ఆయన 1982లో అచ్చయిన పుస్తకంలో దాచుకోకుండా రాశాడు. ఆ పుస్తకం రావటానికి ముందు ఏడే, 1981 ఏప్రిల్ 20న, ఇప్పుడు మా ఖానాపూర్ నియోజకవర్గంలోనే ఉన్న ఇంద్రవెల్లిలో మళ్లీ తుపాకులు పేలాయి. పోయినవాళ్లు 13 మంది అని ప్రభుత్వం అంది. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కులవాళ్లు అన్నారు. లెక్క ఇప్పటికీ కుదరలేదు.

"చూశావా, అంత చదువుకున్న మనిషి నలభై ఏళ్లు పాటుపడ్డా శాంతి రాలేదు కదా, మరింక ఆ చదువెందుకు?" అని మీరు అడగవచ్చు. డాక్టరున్న ఊళ్లో కూడా జ్వరాలొస్తాయి. అంతమాత్రాన వైద్యం చదవద్దంటామా? పైగా, తన మందు పని చెయ్యలేదని తనే వచ్చి చూసి చెప్పే డాక్టరు ఎంతమందికి దొరుకుతాడు?

పరాయివాడు ఎందుకు కావాలన్నదానికి కూడా మా ప్రాంతమే జవాబు చెబుతుంది. 2017లో ఉట్నూరు వైపు గోండులకూ లంబాడీలకూ మధ్య గొడవలు చెలరేగాయి. ఇద్దరూ పేదవాళ్లే, ఇద్దరూ పిల్లల చదువూ ఉద్యోగమూ గురించే కొట్లాడుకున్నారు. రెండిళ్లతోనూ పెళ్లి పిలుపులూ, చేబదుళ్లూ ఉన్న మాబోటివాళ్లకు ఒకరి ఎదుట ఇంకొకరి బాధ ఎత్తటానికి నోరు రాదు. అలాంటప్పుడు ఇద్దరి గడపలూ ఒకే రకంగా తొక్కగల మనిషి కావాలి. అన్నదమ్ముల పంపకాలకు వేరే ఊరి పెద్దమనిషిని పిలుచుకోమా, ఇదీ అంతే.

అయితే ఆ పెద్దమనిషి ఎప్పుడూ బయటినుంచే రావాలా? బయటివాళ్లు మన కష్టం చదవటానికి వస్తే ఫెలోషిప్ ఉంది. ఉట్నూరు హాస్టల్లో చదువుకున్న ఒక గోండు పిల్లో, లంబాడీ పిల్లో ఓస్లో వెళ్లి, అక్కడివాళ్ల తగువుల్ని ఏడాదిపాటు చదివివస్తే ఎలా ఉంటుంది? ఆ పిల్ల అడిగే ప్రశ్నలకు వాళ్లూ ఒకసారి జవాబులు వెతుక్కోవాలి. అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకవైపే, చెప్పేవాళ్లు ఎప్పుడూ ఇంకోవైపే అయితే, అది పరామర్శ కాదు, విచారణ.

నాకు తోచిన న్యాయం ఇది. ఎవరి దుఃఖం అడిగినా తప్పులేదు. అడిగినవాడు ఆ ఇంటి పనిలో ఒక చెయ్యి వెయ్యాలి. విన్నది వాళ్లకు పనికొచ్చేలా తిరిగి ఇవ్వాలి. అన్నిటికీ మించి, కాయితం మీద రాసిన తారీఖు దాటిపోయాక, ఎవరూ పిలవకపోయినా, ఎలా ఉన్నారో చూడటానికి ఒకసారి మళ్లీ రావాలి. ఆ రాకకు ఏ విశ్వవిద్యాలయమూ భత్యం ఇవ్వకపోవచ్చు. అయినా రావాలి.