నిజానికి తగ్గింపు ధర

మా తమ్ముడు తెరచాప పడవ కొంటానన్నప్పుడు యింట్లో ఎవరం నమ్మలేదు. కాకినాడలో పుట్టాడన్న మాటేగాని పదిహేనో యేడు వచ్చేదాకా వాడికి ఈతే రాలేదు. ఇప్పుడు అమెరికాలో, మేరీలాండ్‌లో వుంటున్నాడు. అక్కడ చెసపీక్ అఖాతం ఒడ్డున అన్నపోలిస్ అని ఓ పాత రేవుపట్నం వుంది. ఎటు చూసినా తెరచాపల కొయ్యలే. పోయిన శరదృతువులో నేను వెళ్ళేసరికి వాడు రెండు పాత పడవల మధ్య పడి నలుగుతున్నాడు. రెండూ ముప్ఫై అడుగులవే. లోపల పడకలు, చిన్న స్టవ్వు, మూలగా మరుగుదొడ్డి... నెల్లాళ్ళు నీళ్ళ మీద కాపురం చెయ్యొచ్చు.

"పడవల సంగతి నేను చూసుకుంటాను. అమ్మేవాళ్ళ సంగతి నువ్వు చూడక్కా, నవలలు రాస్తావు గదా" అని నన్ను కూడా లాక్కుపోయాడు.

మొదటిది ఆల్‌బర్గ్ 30. 1960ల్లో కార్ల్ ఆల్‌బర్గ్ గీసిన నమూనా, కెనడాలో కట్టారు. సన్నంగా, పాతకాలపు వాటంతో వుంటుంది. నాలుగడుగుల పైచిలుకు లోతుంటే తేలుతుంది. చెసపీక్ సగటు లోతు 21 అడుగులేనట, అందుకని అదో సౌకర్యం. రెండోదాని కంపెనీ పేరు మనకెందుకు లెండి. వెడల్పుగా, లోపల హాలులా వుంది. కొత్త దిళ్ళు, కొత్త కర్టెన్లు, నిమ్మకాయ వాసన. నన్నడిగితే అక్కడికక్కడే కొనేసేదాన్ని.

ఆల్‌బర్గ్ యజమాని డెబ్భై దాటిన పెద్దాయన. మేం ఎక్కీ ఎక్కగానే, "ఇదిగో, ఇక్కడ తొక్కి చూడండమ్మా" అన్నాడు. తొక్కితే డెక్కు మెత్తగా దిగింది. ఆ డెక్కు రెండు ఫైబర్‌గ్లాసు పొరలు, మధ్యలో తేలికపాటి చెక్క. కమ్మీలు బిగించిన బోల్టుల చుట్టూ పూత ఎండిపోతే వాననీరు లోపలికి దిగి ఆ చెక్క టీలో ముంచిన రస్కులా అవుతుంది. "విప్పి మళ్ళీ బిగించాల్సింది నేనే. మూడేళ్ళు బద్ధకించాను" అన్నాడాయన. కొయ్యను నిలబెట్టే స్టీలు తీగలు పాతవి, మార్చుకోమన్నాడు. చలి ఉదయాల్లో ఇంజను మొరాయిస్తుందన్నాడు. అమ్ముతున్నాడా, వద్దని చెబుతున్నాడా అనిపించింది.

రెండో యజమాని ఒకటే మాటన్నాడు. "నా హయాంలో ఏ ఇబ్బందీ లేదు."

ఆ దేశంలో పాత పడవ కొనేముందు, కొనేవాడు తన ఖర్చుతో సర్వేయరుని పెట్టుకుంటాడు. పడవని పట్టీలతో నీళ్ళలోంచి పైకెత్తిస్తారు. ఆయన చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టి వింటాడు. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్ళిన చోట బొద్దుమంటుంది. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూస్తామే, అదే శాస్త్రం! నిమ్మకాయ వాసన పడవలో, కొత్తగా బిగించిన ఓ పలక వెనక నీటి చారలు బయటపడ్డాయి. "అరె, నాకు తెలియదే" అన్నాడా యజమాని. నిజమే కావచ్చు. కాని సర్వేయరు అన్నీ విప్పి చూడలేడు. చూడని చోట అమ్మేవాడి మాటే దిక్కు. అందుకని తమ్ముడు ఆల్‌బర్గ్‌కే మొగ్గాడు.

కథ అక్కడితో ఆగితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాడు కాగితం తీశాడు. డెక్కుకి ఇంత, తీగలకి ఇంత, ఇంజనుకి ఇంత అని ధరలోంచి తీసేస్తూ పోయాడు. చూస్తే, సర్వేయరు కొత్తగా పట్టుకున్నది ఒక్కటే. తక్కినవన్నీ ఆ పెద్దాయన నోటంట వచ్చినవే. ఆయన్ని నమ్మి కొంటున్నాం. నమ్మడానికి కారణమైన మాటల్నే పట్టుకుని ఆయన జేబులోంచి లాగుతున్నాం.

"ఆయన చెప్పకపోయినా సర్వేయరు చెప్పేవాడు గదా వదినా" అంది మా మరదలు. సబబే. కాదనలేకపోయాను.

క్రీ.పూ. 44లో రోములో సిసిరో కొడుకు కోసం ధర్మాల మీద ఓ పుస్తకం రాశాడు. అందులో ఇల్లమ్మేవాడు దాని లోపాలు చెప్పాలా అన్న తగువుంది. చట్టం అడిగినవి చెబితే చాలు, తక్కింది ఊరుకోవడమేగాని దాచడం కాదంటాడు డయోజెనీస్. అన్నీ చెప్పి తీరాలంటాడు ఆయన శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి పక్షం. కొనేవాడి ముచ్చట కూడా ఒకటుంది అందులో. స్కేవోలా అనే ఆయన పొలం కొంటూ, అమ్మేవాడు చెప్పిన ధర తక్కువని తనే లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చాడట. తమ్ముడికి చెప్పాను.

"ఆయనకి ఇంటి లోను లేదు కాబోలు" అన్నాడు.

వాణ్ణి అనడానికి నాకు నోరెక్కడిది? నాన్న పోయాక కాకినాడ యిల్లు అమ్మింది నేనే. వంటింటి పడమటి గోడ ఏటా వానాకాలం చెమ్మ పీల్చి పొట్టలా ఉబ్బేది. కొనేవాళ్ళు రావడానికి పది రోజుల ముందు సున్నం కొట్టించాను. ఆయనెవరో రిటైరైన ఉద్యోగి. గోడ మీద చెయ్యి వేసి, "చెమ్మ వస్తుందామ్మా?" అన్నారు. "ఈ ఊళ్ళో రాని గోడెక్కడిది లెండి!" అన్నాను. అబద్ధం కాదు. ఆయన కూడా నవ్వారు. నిజం చెబితే ఆయనా ఇలాగే కాగితం తీస్తారని నా భయం. ఆ భయం తీర్చకుండా అమ్మేవాళ్ళని మాత్రం సత్యహరిశ్చంద్రుల్లా వుండమంటే ఎలా? అలాగని నన్ను నేను క్షమించుకోనూలేను. ఆయన పెన్షను డబ్బుతో కొన్నారు.

మర్నాడు బేరం. పెద్దాయన కాగితం చదివి, "ఇవన్నీ చూసుకునే ఆ ధర పెట్టాను" అన్నాడు నెమ్మదిగా. తమ్ముడు వినలేదు. చలికాలం వస్తోంది, పడవని గట్టున వుంచితే యార్డుకి అద్దె కట్టాలి. కాసేపు నీళ్ళకేసి చూసి, సగానికి ఒప్పుకున్నాడు.

చెక్కు, సంతకాలు అయిపోయాయి. మేం గట్టెక్కుతుంటే వెనక్కి పిలిచాడు. ముందువైపు కిటికీ నుంచి, వాన ఈశాన్యం నుంచి కొడితే, పడక మీద రెండు చుక్కలు పడతాయట. నిన్న చెప్పడం మరిచానన్నాడు.

తమ్ముడి చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగింది. ఈసారి కాగితం తియ్యలేదు.