సజ్దాలో గుండె

ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజు కలిపి రోజుకు 17 రకాతులు. రకాతుకు ఒక రుకూ (నడుము వంచడం), రెండు సజ్దాలు (సాష్టాంగం). సున్నత్, నఫిల్ అనే అదనపు నమాజులు వదిలేసినా 34 సార్లు నుదురు నేలకు ఆనాలి. రంజాన్‌లో రాత్రిపూట 20 రకాతుల తరావీహ్ నమాజు చదివేవారికి మరో 40 సజ్దాలు. ఇన్నిసార్లు వంగి లేచే ఒంట్లో గుండె ఏం చేస్తుంటుంది?

ఖియామ్‌లో, అంటే నమాజులో నిలబడినప్పుడు, సుమారు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. గుండె కాస్త వేగం పెంచుతుంది. ఇక సజ్దా. నుదురు, ముక్కు, రెండు అరచేతులు, మోకాళ్లు, కాలి వేళ్లు నేలను తాకుతాయి. తల గుండెకన్నా కిందికి దిగుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం పెరుగుతుంది. మెడ రక్తనాళాల్లో పీడనాన్ని పసిగట్టే నాడులు మెదడుకు కబురు పంపితే నాడి నెమ్మదిస్తుంది. లేచి నిలబడగానే ఇదంతా తిరగబడుతుంది. పిక్కల కండరాలు బిగిసి రక్తాన్ని పైకి నెడతాయి. ఈ సర్దుబాటుకు కొన్ని క్షణాలు పడతాయి.

ఒకాయన గబగబా నమాజు ముగించి వస్తే, ముహమ్మద్ ప్రవక్త (స) మళ్లీ చదవమని మూడుసార్లు వెనక్కి పంపారని హదీసు. రుకూలోనూ, సజ్దాలోనూ, రెండు సజ్దాల మధ్య కూర్చున్నప్పుడూ ఒళ్లు కుదుటపడేదాకా ఆగమని నేర్పారు. ఆ మాట అల్లాహ్ ముందు నిలిచే అదబు (మర్యాద) కోసమే గానీ బీపీ కోసం కాదు. అయినా గుండె అడిగేదీ ఆ నిదానాన్నే.

సజ్దా చేస్తే గుండెజబ్బే రాదని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మదగినవి కావు. నమాజు కదలిక తేలికైనది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు తీవ్రత గల వ్యాయామం కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లెక్కకు నమాజు సరిపోదు, సరిపోనక్కర్లేదు కూడా. ఆరాధనను కసరత్తుగా అమ్ముకోవడం ఎందుకు? బండి వదిలేసి మసీదుకు చురుగ్గా నడిచి వెళ్తే మాత్రం కొంత జమ పడుతుంది!

మొలలతో బాధపడిన తన సహచరుడు ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒత్తిగిలి నమాజు చదవమని ప్రవక్త చెప్పారు. బీపీ మాత్రలు వాడే పెద్దలారా, సజ్దా నుంచి ఒక్కసారిగా లేవకండి. కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పండి, ఆ సడలింపు ఉంది కాబట్టి మొహమాటపడకుండా కుర్చీ వేసుకోండి. మాత్ర మాత్రం సొంతంగా మానకండి.