రేవులో తెలిసే ద్వీపం

రావులపాలెం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న ఆ నడివయసు మనిషికి కోనసీమ కొత్త కాదు. పెళ్లిళ్లకీ సంక్రాంతికీ కార్లో చాలాసార్లు వచ్చాడు. కొబ్బరి చెట్లు చూశాడు, కాలవగట్లు చూశాడు, మర్యాదలకు మురిసిపోయాడు. కానీ ఒక ద్వీపంలో అడుగు పెడుతున్నానని మాత్రం ఏనాడూ అనిపించలేదు. జొన్నాడ దగ్గర గౌతమి పాయ మీది వంతెనను, లోపలివాళ్లు మాట్లాడుకుంటుండగానే కారు దాటేస్తుంది. నది దాటిన సంగతి ఒంటికి తెలియదు. అందుకే ఈసారి బస్సూ, కాళ్లూ తప్ప మరేమీ వద్దనుకుని వచ్చాడు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న నేల కోనసీమ. నడుమ వైనతేయ పాయ దాన్ని మళ్లీ కోస్తుంది. చుట్టూ ఇన్ని నీళ్లున్నా తెలుగువాళ్లు దీన్ని సీమ అన్నారే గాని ద్వీపం అనలేదు. ఆ మాటను అండమాన్‌కీ మారిషస్‌కీ అట్టేపెట్టుకున్నారు. నీటి మధ్య నేలకు తెలుగులో ఉన్న అసలు మాట, లంక, ఊరి పేర్లలో మిగిలింది: బొబ్బర్లంక, బండారులంక, ఊడిమూడిలంక, కనకాయలంక. బస్సు బోర్డులు చదువుతూ పోతే చాలు, ఈ నేల ఎలా పుట్టిందో అవే చెబుతాయి.

కొత్తపేట దాటాక బస్సు నిండింది. మాటలన్నీ కొబ్బరి ధర చుట్టూనే. దింపు తీయించే కూలి ఎంతవుతోంది, కాయకు ఎంత వస్తోంది, తోటలో ఏం మిగులుతోంది. అతను బయట చూస్తున్న అందమే లోపల కూర్చున్నవాళ్లకు జమాఖర్చు. అంబాజీపేట మార్కెట్లో రాశులు పోసిన కాయల్ని చూశాక, ఆ చెట్లను ఉదయంలా ఊరికే చూడలేకపోయాడు.

పి.గన్నవరంలో దిగి నడిచాడు. అక్కడ వైనతేయ మీదుగా కాలువ పారుతుంది, కింద నది, పైన కాలువ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని పాయ అవతలి పొలాలకు అందించాలని, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ కాలపు ఇంజనీర్లు 1850లలోనే ఇక్కడ అక్విడక్టు కట్టారు. ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అతను అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. పైనున్న నీరు మనిషి చెప్పిన చోటికి పోతోంది, కింది నీరు తన దారిన తాను పోతోంది.

సీతమ్మ 1841లో పుట్టి 1909లో కన్నుమూసింది. లంకల గన్నవరంలో ఆమె ఇంటికి ఏ వేళ ఎవరొచ్చినా అన్నం దొరికేదని ఆ ప్రాంతమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఇన్నాళ్లూ ఆమెను దానశీలి అనే అనుకున్నాడు. ఆ ఏటి ఒడ్డున కాళ్లు పీకుతూ నిలబడినప్పుడు ఇంకొకటి తట్టింది. వంతెనల్లేని రోజుల్లో ఒక పాయ దాటి, ఇసుకలో నడిచి, ఇంకో పాయ ముందు పడవ కోసం ఆగిన మనిషికి ఆకలేస్తుంది. ఆ ఆకలి ఎక్కడ మొదలవుతుందో ఎరిగి అక్కడే పొయ్యి వెలిగించిన ఇల్లాలు ఆమె. ఆమెను అన్నపూర్ణ అన్నవాళ్లకు ఈ నీళ్లూ, ఈ దూరాలూ బాగా తెలుసు.

ఆ ఎదురుచూపులు ఇంకా పోలేదు. చాకలిపాలెం దగ్గర కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే వరద రాగానే మునిగిపోతుంది. ఊరు పశ్చిమగోదావరి జిల్లాది, దారి మాత్రం కోనసీమది. దారి మునిగితే పడవే గతి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. పట్నంలో ఇవి వార్తల్లో అంకెలు. లంకలో అయితే పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో చెప్పే గడియారం. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి ఏటిగట్లు తెగాయి. ఆ వరద చూసినవాళ్లు నీటిమట్టం మాట ఎత్తితే ఇప్పటికీ గోడ మీద చేత్తో చూపిస్తారు.

రేవు ఎంత బాగుంటుందో, పడవ కోసం ఆగడం ఎంత ప్రశాంతంగా ఉంటుందో అనుకున్న క్షణంలోనే అతనికి సిగ్గేసింది. తను ఒక్క రోజు కోరి ఆగుతాడు. నొప్పులు పడుతున్న అమ్మాయిని అర్ధరాత్రి పడవెక్కించే ఇంటివాళ్లు కోరి ఆగడం లేదు. వంతెన వస్తే రేవు అందం పోతుందని బాధపడే హక్కు, రోజూ ఆ రేవు దాటేవాళ్లకు తప్ప ఇంకెవరికీ లేదు. వంతెన రావాలి. వచ్చాక కూడా ఇది లంకేనని గుర్తుపెట్టుకునే మనసు ఎలా మిగులుతుందన్నదే ఆ రోజంతా అతన్ని వదలని ప్రశ్న.

రాజోలు మీదుగా సఖినేటిపల్లి చేరేసరికి పొద్దు వాలింది. నరసాపురం వెళ్లే పంటు, బళ్లను కూడా ఎక్కించుకునే పడవ, అవతలి ఒడ్డున ఉంది. మోటారు సైకిళ్లు వరసకట్టాయి. కాలేజీ పిల్లలు ఫోన్లలో ఉన్నారు. ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని, ఇతను అటూ ఇటూ తిరగడం చూసి, “కూకోండి బాబూ, అదే వత్తాది” అన్నాడు. కూర్చున్నాడు.

పంటు వచ్చింది, ఎక్కారు, కదిలింది. వశిష్ఠ మధ్యకు వచ్చాక వెనక్కి తిరిగి చూశాడు. పొద్దున్నుంచీ లోపల తిరిగిన నేలకు ఇప్పుడు ఒక అంచు కనిపించింది. నీటి మీద కొబ్బరి చెట్ల నల్లటి వరస, దాని కింద రేవులో అప్పుడే వెలిగిన ఒక్క దీపం, అందుకోలేకపోయిన ఇద్దరు ముగ్గురు తరవాతి పంటు కోసం గట్టు మీద కూర్చుంటూ.