తాళము ఎవరి కొరకు?



మా స్వస్థలము యానాం ప్రాంతములోని అడవిపొలం. అక్కడ ఉన్న మా అమ్మ తాను పాడిన ఒక కీర్తనను ఫోనులో రికార్డు చేయించి పంపినది. ఆమెకు డెబ్బది ఏండ్లు దాటినవి. ఆ పాటకు వాద్యములు చేర్చి, మేమున్న చోట కూటములో వినిపించవలెనని కంప్యూటరు ముందు కూర్చున్నాము. అప్పుడు కలిగిన ప్రశ్ననే మీ ముందుంచుచున్నాము.

మేము వాడినది ఎఫ్.ఎల్. స్టూడియో. బెల్జియం దేశపు ఇమేజ్-లైన్ సంస్థ 1997లో దీనిని ఫ్రూటీలూప్స్ అను పేరుతో విడుదల చేసి, 2003లో ఈ పేరు పెట్టినది. తబలా దెబ్బలను ఒక్కసారి గళ్లలో వరుసగా పెట్టిన చాలును. దానిని ప్యాటర్న్ అందురు. దానిని పల్లవి క్రింద, ప్రతి చరణము క్రింద ఎన్నిసార్లైనను ట్రాకు మీద పరచవచ్చును. ఒకచోట దెబ్బ మార్చితే అన్ని చోట్లను మారును. ఒక్కచోటనే వేరుగా కావలెనంటే దానిని విడదీసి కొత్త ప్యాటర్నుగా చేయవలెను.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట పైన రాగము, తాళము అచ్చువేసియుండుట మనమెరుగుదుము. యంత్రములో మొదట ఉండు కొలత నాలుగు దెబ్బలది. ఆది తాళమునకు ఎనిమిది గనుక అట్టివి రెండు సరిపోవును. మిశ్రచాపు అయితే ఏడు గనుక కొలతనే మార్చవలెను. ఇంతవరకు యంత్రము మా మాట విన్నది.

చిక్కు అమ్మ పాడిన తీరుతో వచ్చినది. ఆమె చరణములో నెమ్మదించి, చివర కొంచెము ఆగినది. తబలా ఆగలేదు. మేము ఆమె గొంతును ముక్కలుగా కోసి గళ్లకు సరిపోవునట్లు జరిపితిమి. ఆగిన చోటు తీసివేసితిమి. పాట నున్నగా వచ్చినది. ఫోనులో వినిపించగా అమ్మ, "బాగానే ఉంది నాయనా. మరి వెనకవాళ్లు అందుకోవద్దా?" అన్నది.

అప్పుడు మాకు తెలిసినది. ఆమె ఆగినది ఊపిరి చాలక మాత్రమే కాదు. వెనుక కూర్చున్న ముసలివారి కొరకు, చదువు రాక విని పాడువారి కొరకు. డోలక్ వాయించు సహోదరుడు ఆ ముఖములు చూచి చెయ్యి ఆపును. మేము తప్పని కోసివేసినది ప్రేమను.

యంత్రము చెడ్డదని మేమనము. పరదేశములో నాలుగు కుటుంబములే కూడుకొని, వాయించువారు లేని చోట ట్రాకు గొప్ప సహాయము. హార్మోనియము కూడ ఒకప్పుడు బయటనుండి వచ్చినదే. అయితే ఎవరు ఎవరికొరకు సర్దుకొనవలెను? సర్దుకొనగల శక్తి ఉన్నవారే సర్దుకొనుట న్యాయము. యంత్రములో వేగమును ఎక్కడికక్కడ మార్చవచ్చును. అమ్మ ఊపిరిని మార్చలేము. విశ్రాంతి దినమును గూర్చి ప్రభువు చెప్పినది తాళమునకును వర్తించును: అది పాడువారి కొరకే కలదు. పాటలోనే కాదు, ఇంటిలోను సంఘములోను వేగముగా నడువగలవారు ఇది ఆలోచించవలెను.

మేము అమ్మ మొదటి రికార్డింగునే తిరిగి పెట్టితిమి. వేగమును ఆమె వెంట నడిపితిమి. చరణముల చివర తబలాను విడదీసి కొన్ని గళ్లు ఖాళీగా ఉంచితిమి. ఒక రాత్రి పని మూడు రాత్రులైనది. కూటములో ఆ పాట వినిపించినప్పుడు, ఆ ఖాళీ వచ్చినచోట మీరు అందుకొనుడి.