ఎనిమిదిమంది ప్రవేశించిరి, ఎనిమిదిమంది బయటికి వచ్చిరి

ధ్యాన పాఠము: ఆదికాండము 6 నుండి 8 అధ్యాయములు



నోవహు కథ మన పిల్లలు ఆదివారపు బడిలో నేర్చుకొను కథ. అయితే గోదావరి గట్టున కాపురముండు మనము పెద్దలమైయుండియు దానిని మరల నేర్చుకొనవలసియున్నది. జలప్రళయమునకు ఏడు దినములు ముందుగా దేవుడు నోవహును హెచ్చరించెను. అతడు విని, తన యింటివారితో లోబడెను.

మనకును హెచ్చరిక వచ్చుచునే యున్నది. భద్రాచలమునొద్ద నీరు 43 అడుగులకు చేరగా మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో అచ్చట నీరు 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటెను. ఆ నీరు దిగువనున్న ధవళేశ్వరమునకు చేరుటకు చాల గంటలు పట్టును. ఆ గంటలే దేవుడు మనకిచ్చు గడువు.

మేము ఇండ్లను దర్శించునప్పుడు కొందరు, "ప్రార్థన చేసితిమి అయ్యగారూ, దేవుడే చూచుకొనును" అని కదలకుందురు. ప్రార్థన మంచిదే. అయితే దేవాలయ శిఖరమునుండి దూకుమని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు. దేవుని శోధించుట విశ్వాసము కాదు. నోవహు మ్రాను కోసెను, కీలు పూసెను, ఆహారము కూర్చుకొనెను. అతని విశ్వాసమునకు చేతులుండెను.

కాబట్టి మొదటి హెచ్చరిక విన్ననాడే రేషను కార్డు, ఆధారు కార్డులు, పొలము పాసు పుస్తకము ప్లాస్టిక్ సంచిలో మూటగట్టుడి. పసిబిడ్డలను, గర్భిణీలను, వృద్ధులను ముందుగానే మెరకకు చేర్చుడి. ఇల్లు విడుచునప్పుడు కరెంటు మెయిను ఆపుడి. పశువులను మెరకకు తోలుడి. వీలుకానిచో పలుపులు విప్పుడి, కట్టియున్న పశువు ఈదలేదు. పారు నీరు మోకాటి లోతే యున్నను దాటకుడి. దాని వడి పెద్దవానినైనను పడద్రోయును. కాచి చల్లార్చిన నీళ్లే త్రాగుడి. ఆపద ముంచుకొనివచ్చిన యెడల 112 నంబరునకు ఫోను చేయుడి.

ఇల్లు, ధాన్యము విడువలేక వెనుదిరుగువారు లోతు భార్యను జ్ఞాపకము చేసికొందురు గాక. గాదె మరల నిండును. బిడ్డ మరల రాదు.

ప్రియులారా, మన పేటలు అనేకచోట్ల పల్లపు నేలనున్నవి. నీరు మొదట మన గుమ్మమునే తట్టును. అందుచేత ఒంటరి విధవరాలిని, నడువలేని తాతను ఎవరు తీసికొనిపోవుదురో సంఘ పెద్దలు ఇప్పుడే నిర్ణయింపవలెను. మన గుడి మెరకనున్న యెడల దాని తలుపులు అందరికిని తెరువుడి. తడిసి వణకుచు వచ్చినవానిని కులమేదని గాని మతమేదని గాని అడుగకుడి. మనలను ఎవరైన ఒకనాడు గుమ్మమునొద్ద నిలువబెట్టియుండిన యెడల, మనము వారిని నిలువబెట్టకుందుము.

నీరు తీసిన వెంటనే ఇంటికి పరుగెత్తకుడి. నేల ఆరెనని చూచినను, దేవుడు సెలవిచ్చువరకు నోవహు ఓడలోనే యుండెను. నానిన మట్టిగోడలు కూలవచ్చును. మూలలలో పాములు చేరియుండవచ్చును. అధికారులు పొండని చెప్పిన తరువాత, పగటివేళ, పెద్దలు ముందుగా వెళ్లి చూడవలెను.

ఓడలో ఎనిమిదిమంది ప్రవేశించిరి. ఎనిమిదిమందియు బయటికి వచ్చిరి. నోవహు అప్పుడు బలిపీఠము కట్టి దేవుని స్తుతించెను. రాబోవు వర్షకాలము గడచినప్పుడు మన ప్రతి యింటి లెక్కయు తగ్గక, మనమందరము కూడి ఆయనను స్తుతించు కృప ప్రభువు దయచేయును గాక. ఆమేన్.