చెక్కే చెయ్యి ఎవరిదో చూసుకో బిడ్డా

బరాత్ గుర్రం తెచ్చుకున్నావని విని సంతోషపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి బిడ్డా. గోదావరిఖనిలో నీ ఈడు పిల్లలు బొగ్గు బాయిలో కొలువు ఎప్పుడొస్తుందా అని చౌరస్తాలో టీ తాగుతూ కూర్చుంటే, నువ్వు అప్పోసొప్పో చేసి ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి ఇంటి పక్కన కట్టేశావు. పొద్దున్నే లేచి కడుగుతావు, దువ్వుతావు, నువ్వు తినకముందే దానికి గడ్డి వేస్తావు. చూస్తూనే ఉన్నాను. నీ మనసు మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. అనుమానమంతా నీ తొందర మీదే. నాడాలు పీకేయిస్తావట, ఇకనుంచి వట్టి డెక్కల మీదే నడిపిస్తావట, ఆ డెక్కలు కూడా ఫోనులో చూసి నువ్వే చెక్కుతావట. మీ అమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కంగారు చూశాను కాబట్టే ఈ నాలుగు మాటలు.

నాడా లేకపోతే గుర్రం బతకదని నేననను. వట్టి డెక్కల మాట కొత్తదేం కాదు. దాదాపు 2,400 ఏళ్ళ కింద గ్రీసు దేశంలో జెనొఫోన్ అనే సిపాయి గుర్రాల మీద పుస్తకం రాస్తూ, కొట్టం బయట గుండ్రటి రాళ్ళు పరచండి, వాటి మీద తిరిగితే డెక్క గట్టిపడుతుంది అన్నాడు. మన కాలంలో అమెరికాలో జైమీ జాక్సన్ అనే ఆయన, నాడాలు కొట్టడమే ఆయన పని, 1982 నుంచి 1986 దాకా అక్కడి ఎండు కొండల్లో అడవి గుర్రాలను గమనించి, 1992లో పుస్తకం వేశాడు. మంచిదే. అయితే ఒక్కటి చూడు. జెనొఫోన్ చెప్పింది రాళ్ళ నేల గురించి. జాక్సన్ చెప్పింది ఎండిన నేల మీద పొద్దంతా తిరిగే గుర్రాల గురించి. నీ గుర్రం ఎక్కడుంది? రేకుల షెడ్డు కింద, వానాకాలమంతా పేడ, ఉచ్చ, బొగ్గు పొడి కలిసిన బురదలో. పెళ్ళిళ్ళ రోజుల్లో తారు రోడ్డు మీద, బ్యాండు వెనక, గంటలకొద్దీ నిలబడి. రామగుండం ఎండ సంగతి నీకు నేను చెప్పాలా, 45 డిగ్రీలు దాటిన రోజున పొద్దుగూకినా తారు కాలుతూనే ఉంటుంది. వాళ్ళ నేల వేరు, నీ నేల వేరు. సలహా మంచిదే అయ్యుండొచ్చు, నీ గుర్రానికి మంచిదో కాదో తేలాలి కదా.

పైగా డెక్క అంటే వట్టి పెంకు అనుకుంటున్నావు. పైపైన నిజమే, కోస్తే నొప్పి తెలియదు. లోపల ఎముక ఉంది, ఆ ఎముకను పెంకుకు పట్టి ఉంచే మెత్తటి పొరలున్నాయి, నెత్తురుంది, నరాలున్నాయి. అరికాలు ఎంత మందం ఉందో పైకి కనబడదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోతోందంటే బాగా పలచబడ్డట్టే, అక్కడ కత్తి తాకకూడదు. డెక్క నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. వెంట్రుకల అంచు దగ్గర ఇవ్వాళ పుట్టిన పెంకు, ముందు వైపున నేలను తాకేసరికి 9 నెలల నుంచి ఏడాది. నువ్వు ఆకురాయితో పది నిమిషాల్లో తీసేసింది మళ్ళీ రావాలంటే ఎన్ని నెలలో లెక్క వేసుకో. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, ముహూర్తాలన్నీ నీ కళ్ళ ముందే వెళ్ళిపోతాయి. అప్పు కిస్తీ మాత్రం ఆగదు. అందుకే తొందర వద్దంటున్నాను.

మరి ఎవరి మాట వినాలి అంటావు. అడగాల్సింది అదే.

మేం బాయి దిగే రోజుల్లో, పని మొదలుపెట్టక ముందు సర్దార్ కడ్డీతో పైకప్పును తట్టి చూసేవాడు. గట్టిగా ఖంగుమంటే సరే. డొల్లగా మోగితే ఒక్కణ్ణీ ముందుకు రానిచ్చేవాడు కాదు. ఆయన కన్నా పెద్ద చదువులు చదివినవాళ్ళు పైన ఆఫీసులో ఉండేవాళ్ళు. అయినా ఆ క్షణంలో మేం వినేది ఆయన మాటే. ఎందుకు? మా నెత్తి మీదున్న ఆ కప్పునే తట్టాడు కాబట్టి. మాతోపాటు దాని కిందే నిలబడేవాడు కాబట్టి. చూసింది పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడు, తేడా వస్తే ఆ కాగితమే ఆయన్ను నిలదీసేది. డెక్క సలహా చెప్పేవాణ్ణి కూడా అట్లాగే చూడు. నీ గుర్రం కాలు ఎత్తి చూశాడా? చేసిన పని ఎట్లా ఉందో చూడటానికి మళ్ళీ వస్తాడా? కుంటితే ఫోను ఎత్తుతాడా? ఎక్కడో ఎవరి గుర్రానికో చేసింది చూపించి నీ గుర్రానికీ ఇదే అనేవాడు కప్పు తట్టనివాడే.

పని తెలిసినవాడు కత్తి తీయడానికి తొందరపడడు. ముందు గుర్రాన్ని నడిపించమంటాడు, గట్టి నేల మీద ఒకసారి, గులకరాళ్ళ మీద ఒకసారి. మడమ ముందు పడుతోందా, కొస ముందు పడుతోందా చూస్తాడు. నాలుగు కాళ్ళూ ఎత్తి అడుగున వాసన చూస్తాడు. కుళ్ళు కంపు కొట్టి నల్లగా కారుతుంటే, చెక్కుడు సంగతి తర్వాత, ముందు కొట్టం ఆరబెట్టుకో అంటాడు. డెక్క మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు, పై కీలు వెనక నాడి పట్టి చూస్తాడు. ఆ తర్వాత మేత గురించి అడుగుతాడు. మేత గురించి అడగనివాడి మాట అసలు పట్టించుకోకు.

నవ్వకు. డెక్క చెడేది చాలాసార్లు నోటి నుంచే. పెళ్ళివాళ్ళు ముద్దుచేసి లడ్డూలు, బెల్లం, నానిన శనగలు దోసిళ్ళతో పెడతారు. నువ్వు వద్దనలేవు, ఫోటోలు తీస్తుంటారు. గింజలు, తీపి ఎక్కువై పేగులో పులిస్తే, నేను చెప్పానే ఎముకను పట్టి ఉంచే పొరలు, అవి వాస్తాయి. అప్పుడు గుర్రం ముందు కాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసి, కదలకుండా నిలబడుతుంది. ఆ స్థితిలో డెక్కను ఎంత అందంగా చెక్కి ఏం లాభం? అది డాక్టరు చూడాల్సిన జబ్బు, అదే రోజు చూడాల్సిన జబ్బు. ఇంకోసారి ఎవరైనా లడ్డూ పెట్టబోతే మొహమాటపడకు, పెళ్ళికొడుకు మేనమామ అయినా సరే.

ఎడ్లకు నాడాలు కొట్టే పెద్దమనిషి ఉన్నాడు కదా అంటావేమో. ఆయన చేతిపని మీద నాకు గౌరవమే. కానీ ఎద్దు డెక్క రెండు చీలికలు, దాన్ని పడుకోబెట్టి కాళ్ళు కట్టి కొడతారు. గుర్రానిది ఒకటే డెక్క, నిలబెట్టి కాలెత్తి పట్టుకుని చేయాలి. చెయ్యి తిరిగినదే, పశువు వేరు. హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలకు నాడాలు కొట్టిన నాల్‌బంద్ ఎవరైనా దొరికితే నయం. ఆయనకు కూడా ముందే చెప్పు, నాది పరుగు పందేల గుర్రం కాదు, తారు మీద బరాత్‌కు నడిచేదని.

కుంటడం మంచిదే, లోపలి చెడు బయటికి పోతోంది అని చెప్పేవాడొకడు తప్పకుండా దొరుకుతాడు నీకు. వాడి దగ్గర కూర్చోకు. నాడాలు తీసిన కొత్తలో గులకరాళ్ళ మీద జాగ్రత్తగా అడుగులేయడం వేరు. అలవాటు పడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, డెక్కకు తొడిగే బూట్లు కూడా ఉంటాయి. కానీ చెక్కించిన మర్నాడు ముందుకన్నా ఎక్కువ కుంటుతోందంటే, అడుగున నెత్తురు కనబడిందంటే, అది మంచికి కాదు. ఒక్క దెబ్బతో సరిచేస్తానన్నవాణ్ణీ దూరం పెట్టు. చెడిన డెక్క నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కొంచెం కొంచెం దిద్దితేనే దారికొస్తుంది. ప్రతిసారీ ముందు, తర్వాత, పక్కనుంచి, అడుగునుంచి ఫోటో తీసి పెట్టుకో. ఆ ఫోను అందుకు పనికొస్తుంది.

డాక్టరు సంగతి మరిచిపోకు. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల బండి ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, మరీ దూరమేం కాదు. మన దగ్గరి డాక్టర్లు బర్రెలు, గొర్రెలు చూసినంతగా గుర్రాలు చూసుండరు, మర్యాదగానే అడుగు: సార్, ఇది మీరు చూస్తారా, ఎవరి దగ్గరికైనా పంపుతారా అని. నాకు అలవాటు లేదు, ఫలానావాళ్ళ దగ్గరికి పో అన్న డాక్టరు దొరికితే ఆయన నంబరు భద్రంగా దాచుకో. వెళ్ళినప్పుడే ధనుర్వాతం టీకా వేయించు. పశువులన్నింటిలోకీ గుర్రానికే అది తొందరగా పట్టుకుంటుంది, ఒక్క మేకు గాయం చాలు.

అన్నీ చూసుకున్నాక కూడా నాడాలు తీయించాలనే ఉంటే, ముహూర్తాలు లేని నెల చూసుకో. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కానీ నేలంతా తడి. పుష్యమాసం అయితే పెళ్ళిళ్ళూ ఉండవు, నేలా ఎండి ఉంటుంది, గుర్రానికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. అప్పటిదాకా ఆరు వారాలకోసారి నాడాలు విప్పించి, డెక్క దిద్దించి, మళ్ళీ కొట్టించు. షెడ్డులో బురద ఎత్తి పోయించి ఎండు ఇసుక పరిపించు. గడ్డి మాత్రం ఇసుక మీద వేయకు, తొట్టిలో వెయ్యి, ఇసుక కడుపులోకి పోతే అదో తంటా. ఇసుక ట్రాక్టరుకు డబ్బులు తక్కువైతే మీ అమ్మను అడక్కు, నన్ను అడుగు.